తల ఎత్తని పెళ్లికొడుకు

తాడేపల్లిగూడెం,
1957

పిన్నికి నమస్కారాలు.

మొన్న నన్ను చూడడానికి వచ్చిన భీమడోలు అబ్బాయి నాకు కొత్త కాదు పిన్నీ. ఏలూరు కాలేజీలో ఒకే క్లాసు, రోజూ ఒకే రైలు. వాళ్లవాళ్లను ఒప్పించి సంబంధం పంపించింది ఆయనే. పరిచయం ఉందని తెలిస్తే నాన్నగారు ఒప్పుకోరని, పెళ్లిచూపుల్లో నా వంక చూడవద్దని నేనే చెప్పాను. చూస్తే నవ్వేస్తానని నా భయం. పాపం, ఆయన లేచి వెళ్లేదాకా ఉప్మా పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"పిల్ల మొహమైనా చూడలేదు, ఇష్టం లేదన్నమాట" అని నాన్నగారు ఈ సంబంధం వద్దని కార్డు రాసేశారు. పోస్టులో వెయ్యడానికి బయలుదేరుతుంటే కూడా నేను నోరు విప్పలేకపోయాను. నువ్వొచ్చి చెప్పవూ? నీ మాట కాదనరు.

నేను అన్నం మానేస్తే, "రేపు దారిలో ఎదురుపడినా నిన్ను గుర్తుపట్టడమ్మా, అతని కోసం బెంగెందుకు" అని ఓదారుస్తున్నారు.

నీ అక్క కూతురు