ఎర్రలోయ కాగితం

ఆర్డీవో గారికి నమస్కారాలు.

గూడూరు దగ్గర వాగు కోసిన ఎర్రలోయను రియల్ ఎస్టేట్ కంపెనీ పూడ్చి ప్లాట్లు వేయకుండా టౌనువాళ్ళూ మా ఊరివాళ్ళూ కలిసి ఏడాదిగా కాపలా కాస్తున్నాం. ఎండాకాలంలో మా మేకలకు నీళ్ళు దొరికేది ఆ లోయ అడుగునే. లోయను పూడ్చడానికి మేమే ఒప్పుకున్నట్టు నలభై ఒక్క వేలిముద్రలతో మీకు ఒక కాగితం అందింది.

ఆ తప్పు నాది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఊరికి ఏ కాగితం వచ్చినా నేను చదివి చెప్పాకే పెద్దవాళ్ళు వేలిముద్ర వేస్తారు. లోయ సంగతి మాట్లాడడానికి ఊళ్ళో పెట్టిన మీటింగు రోజు కంపెనీ మనిషి అది హాజరు కాగితమని చెప్పి నా చేతికిచ్చాడు. అంతా ఇంగ్లీషు. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను, సగం కూడా అర్థం కాలేదు.

"ఏముందే అందులో?" అని మా అవ్వ రెబెక్కమ్మ అడిగింది. అందరూ నావైపే చూస్తున్నారు. తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించింది. ఆయన అన్న మాటనే నేను చదివినట్టు చెప్పాను.

దయచేసి ఆ కాగితాన్ని రద్దు చేసి, మా వాళ్ళను తెలుగులో మళ్ళీ అడగండి.

నిన్న ఆరాధన అయ్యాక చర్చి ముందర అందరికీ నిజం చెప్పి, ఈ ఉత్తరం పైన రాసినంతవరకు చదివి వినిపించాను. దీని మీద వేలిముద్రలు అడిగితే అవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది.

"నువ్వు చదివినావు, సరే. ఇంకొకరి చేత గూడా చదివించుకోనీ" అనింది.

అందుకే కింద నా సంతకం ఒక్కటే ఉంది.