గ్రబ్ టోపీ తీసినప్పుడల్లా

హాలీవుడ్,
10 నవంబరు 1947, సోమవారం.

గౌరవనీయులు డెల్మర్ హస్కిన్స్ దొరగారి దివ్యసముఖానికి,

లైమన్ ప్రూయిట్ నమస్కరించి రాసుకునే సంగతులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా లేవనే తలుస్తాను. శనివారం మధ్యాహ్నం బేకర్స్‌ఫీల్డ్ సినిమాహాల్లో ఊరు ఊరంతా నిన్ను చూసి పొట్టలు పట్టుకుని నవ్వాక ఏ మగాడు మాత్రం క్షేమంగా ఉంటాడు? నేనూ అక్కడే ఉన్నాను. నీకు రెండు వరసల వెనక, కోటు కాలరు పైకెత్తి కూర్చున్నాను. ఏడు నిమిషాల కార్టూన్ బొమ్మ కోసం కొండలు దాటి అంత దూరం కారు తోలుకొచ్చాను. పెట్రోలు గిట్టుబాటయింది.

పలకరిద్దామనే అనుకున్నాను. నువ్వు టోపీ తీస్తావేమోనని భయమేసి ఊరుకున్నాను.

ఆ రోగం నీకు మొదటినుంచీ ఉంది. స్టూడియోలో పక్కపక్క బల్లల దగ్గర పదేళ్ళు పనిచేశాం. నేను బొమ్మలకి నడక నేర్పేవాణ్ణి, నువ్వు వాటి వెనక ఎడారులూ కొండలూ రంగులేసేవాడివి. గుమ్మంలో కుక్క ఎదురైనా టోపీ తీసి దారిచ్చేవాడివి. మేమంతా నవ్వేవాళ్ళం, నా భార్య ఓపల్ ఒక్కతే నవ్వేది కాదు. ఆమె నాకు మధ్యాహ్నం భోజనం తెచ్చినప్పుడల్లా నువ్వు లేచి నిలబడి టోపీ తీసి, ఎండ ఎలా ఉందమ్మా బయట అని అడిగేవాడివి. పాపం, ఇంత మంచివాడికి పెళ్ళెందుకు కాలేదో అనుకునేవాణ్ణి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నావని నాకేం తెలుసు? రెండేళ్ళ కిందట చలికాలంలో ఆమె పెట్టె సర్దుకుని నీతో బస్సెక్కింది. ఇప్పుడు నువ్వా ఊళ్ళో దుకాణాలకి బోర్డులు రాసుకుంటున్నావట. సంతోషం.

నేను పోట్లాటకి రాలేదు, కోర్టుకీ ఎక్కలేదు. బొమ్మలు గీసేవాణ్ణి, బొమ్మే గీశాను.

కౌబాయ్ బొమ్మ కావాలని ప్రొడ్యూసర్ అడగ్గానే ఎగిరి గంతేశాను. ఎడారిలో చిన్న ఊరు, ఒక బ్యాంకు, అందగాడైన షెరీఫు, ఒక దొంగ. ఆ దొంగ పేరు గ్రబ్. పొడుగు గడ్డం, వంగిన భుజాలు, బట్టతల. ఎక్కడో చూసినట్టుందా? గ్రబ్ మహా మర్యాదస్తుడు. టోపీ తీయకుండా దోచుకోడు. బ్యాంకు పెట్టెకి టోపీ తీసి వంగుతాడు, పెట్టె తలుపు తెరుచుకుని బట్టతల మీద పడుతుంది. విధవరాలికి టోపీ తీస్తాడు, ఆవిడ కంచరగాడిద తన్నుతుంది. గాడిదకి క్షమాపణ చెప్పబోయి మళ్ళీ టోపీ తీస్తాడు, అది మళ్ళీ తన్నుతుంది. కొండ అంచు దాటి గాలిలో నాలుగడుగులు వేస్తాడు. కింద నేల లేదని తెలిశాక మనవైపు తిరిగి టోపీ తీసి, అప్పుడు పడతాడు. ఆ కొండ నువ్వు రంగులేసిందే. పాతసామాను గదిలో దొరికింది. నీ కొండ మీదనుంచి నిన్నే తోశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. వేసవంతా నేనే పిల్లిని. హాస్యం రాసే ఫెల్ప్స్ నీకు గుర్తుండే ఉంటాడు. వాడు నా భుజం మీదనుంచి తొంగిచూసి, ఒరేయ్ లైమన్, ఇంకా కదులుతున్నాడ్రా వీడు, ఇంకో బండరాయి పడెయ్యి అనేవాడు. నేను పడేసేవాణ్ణి. చాలదురా, లేస్తున్నాడు చూడు అనేవాడు. మళ్ళీ పడేసేవాణ్ణి. మా బొమ్మల్లో ఉన్న సుఖం అదే, ఎంత కొట్టినా చావడు, మర్నాడు పొద్దున్న మళ్ళీ కొట్టచ్చు.

నువ్వు కొండలు గీసేవాడివి. కొండలకి ముఖాలుండవు గనక నీకు మా పాట్లు తెలియవు. గ్రబ్‌కి కోపం రావాలంటే ముందు నాకు రావాలి. బల్ల మీద అద్దం పెట్టుకుని, కనుబొమలు ముడేసి, పళ్ళు నూరి, అందులో కనపడింది కాగితం మీదకి ఎక్కించాలి. వాడి భయం, వాడి అక్కసు, దెబ్బ తిన్నాక వాడి ఏడుపు అన్నీ అలా ఒక్కొక్కటిగా నేను పడి గీసినవే. నీ గడ్డానికి ప్రాణం పోయడానికి ఎంత కష్టపడ్డానో చూడు.

స్టూడియోలో మొదటిసారి వేసినప్పుడు గది దద్దరిల్లిపోయింది. బొమ్మ సగంలో ఉండగానే ఒక్కొక్కళ్ళూ కుర్చీల్లో వెనక్కి తిరిగి నావైపు చూడ్డం మొదలెట్టారు. అంత మెచ్చుకోలు నా జన్మలో ఎరగను. ఫెల్ప్స్ కళ్ళు తుడుచుకుంటూ, ఈ దొంగని రోజూ చూస్తూనే ఉన్నాం కదరా అన్నాడు. రోజూ ఏమిట్రా, వాడు పోయి రెండేళ్ళయింది, బేకర్స్‌ఫీల్డ్‌లో ఉన్నాడు అన్నాను. దానికి ఇంకా నవ్వారు.

ఇక శనివారం సంగతి. మీ ఊరి హాల్లో ఈ బొమ్మ వేస్తున్నారని తెలిసి ఓపల్ పేరున టిక్కెట్లు రెండు పంపింది నేనే. నువ్వు ఆమె పక్కన కూర్చుని చూడాలి. ఆమె తెర వంక ఒకసారి, నీ వంక ఒకసారి చూసి సిగ్గుతో చచ్చిపోవాలి. ఇంతటి వెర్రిబాగులవాడి కోసమా నేను లైమన్‌ని వదిలి వచ్చాను అనుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే, డెల్మర్. ఆమె తిరిగి నా ఇంటికి రావాలి. ఎనిమిది నెలలు కళ్ళు పోగొట్టుకుని గీసింది అందుకే.

అనుకున్నట్టే అయింది. గాడిద రెండోసారి తన్నగానే నీ వెనక సీటులో కుర్రాడు లేచి, మిస్టర్ హస్కిన్స్, ఆ దొంగ కూడా మీలాగే టోపీ తీస్తాడండీ అని అరిచాడు. నీకు బుద్ధి ఉంటే తల దించుకోవాలి. నువ్వు వెనక్కి తిరిగి వాడికి టోపీ తీశావు. హాలంతా విరగబడి నవ్వింది. నువ్వూ నవ్వావు. ఇంకాసేపటికి ఓపల్ తల వంచుకుని లేచి, బొమ్మ అవకుండానే బయటికి నడిచింది. నువ్వు టోపీ చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తావు. నీ పక్కన కూర్చోలేకపోయింది, చూశావా?

కాబట్టి దొరగారూ, మర్యాదగా చెబుతున్నాను. ఈ నెలాఖరున వచ్చే థాంక్స్‌గివింగ్ పండగలోపు ఆమెని లాస్ ఏంజెలస్ బస్సెక్కించు. ఆమె గది అలాగే ఉంచాను. నువ్వు అడ్డుపడితే మాత్రం చూసుకో, ప్రొడ్యూసర్ గ్రబ్‌తో ఇంకో బొమ్మ అడుగుతున్నాడు. ముందుంది ముసళ్ళ పండగ. నీ ఊరి పిల్లలు నువ్వు రోడ్డు మీద కనపడితే చాలు, టోపీలు తీసి దొర్లి దొర్లి నవ్వేదాకా గీస్తాను.

నీ క్షేమం ఏమాత్రం కోరని,
లైమన్ ప్రూయిట్

తా.క. : సంతకం పెట్టి, కవరు అంటించలేక కూర్చున్నాను. పైన ఒక సన్నివేశం రాయలేదు. అది ఫెల్ప్స్ చెప్పింది కాదు, ఎవరూ అడిగిందీ కాదు, నాకై నేనే పెట్టాను. చీకటి పడే వేళ గ్రబ్ చలిమంట ముందు భోజనానికి కూర్చుంటాడు. మంట మీద చిక్కుడుగింజలు ఇంకా ఉడకలేదు. పళ్ళెం అంచు మీద చెంచాతో మెల్లగా కొడుతుంటాడు. పళ్ళు కనపడకుండా నవ్వుతాడు. చెంచా చప్పుడు కొంచెం కొంచెం పెరుగుతుంది. తరవాత గిన్నె ఎత్తి విసిరేస్తాడు. అది నీది కాదు డెల్మర్, ఉడకని గింజలైనా నువ్వు దణ్ణం పెట్టి తింటావు. స్టూడియోలో వాళ్ళు నావైపు తిరిగిందీ అక్కడే, ఓపల్ లేచి వెళ్ళిందీ అక్కడే. నిన్ను చూసి సిగ్గుపడి కాదు. చెంచా చప్పుడు మొదలవగానే మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని సీటులో కిందికి జారిపోయింది. ఏమైంది, పద బయటికి పోదాం అని నువ్వు అంటున్నావు. ఆ నవ్వుల్లో నీకు ఆమె మాట వినపడిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం వినపడింది. మోచెయ్యి చాటునుంచి తెర వంక చూస్తూ, ఒక్క నిమిషం లైమన్, కోప్పడకు, అయిపోవచ్చింది అంది. పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.