అడిగితేనే చెయ్యి వెయ్యాలి

నా దస్తూరీ బాగుండదు. పల్లెటూరి బడిలో అయిదో తరగతితో ఆపేశాను, అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. దస్తావేజు లేఖరి ఎదుట నోరు పెగల్లేదు, అందుకే నేనే రాస్తున్నాను.

వడ్రంగం చేసి బతికిన నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితం గురించి రాసిన వీలునామా ఇది. ఇంతకు ముందు వేరే ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నేను తమ్ముడూ అని పిలిచే పక్కింటి టైలరుది.

1. ఇల్లు సర్వహక్కులతో నా భార్యకు. కిటికీ పక్కనున్న మంచం జరపమని ఆమెను ఎవరూ అడగకూడదు. వంటింటి అల్మరా తలుపు కిర్రుమంటోందని ఎప్పటినుంచో అంటోంది. ఈ కాగితం అయ్యాక ఆ పని చూస్తాను.

2. బావమరిది పట్టుకెళ్లిన పెద్ద రంపం బావమరిదికే. తిరిగి ఇమ్మని అడగడానికి మొహమాటపడ్డాను. మొహమాటం నాకే ఉంది, అతనికి లేదు.

3. పెరటి షెడ్డు, స్థలంతో సహా, చిన్నకోడలు నడిపే బడికి. ఆ బడిలో ఏం నేర్చుకోవాలో పొద్దున్నే పిల్లలే కూర్చుని తేల్చుకుంటారు. "ఫీజు కట్టి మరీ ఆటలకు పంపుతున్నారా?" అని వీధిలోవాళ్లు వెక్కిరించారు. నేనూ అలాగే అనుకున్నాను, పైకి అనలేదంతే. తర్వాత ఒక పిల్ల, ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని అందరూ ఎందుకమ్మ అని పిలిచేది, స్టూలు చేస్తానని వచ్చింది. మూడు కాళ్లు పొట్టిగా కోసి పాడుచేసింది. ఆ తర్వాత తనే ఒక పుల్ల విరిచి కొలత పెట్టుకుంది. అడిగినదానికి తప్ప నేను నోరు మెదపలేదు. అది నాకు కష్టమైన పని కాదు.

4. షెడ్డులో పనిబల్ల కాళ్లు పిల్లల ఎత్తుకు నేనే కోశాను. నడుము నొప్పి అని పెద్దవాళ్లెవరూ దాన్ని పెంచకూడదు. అరమీద పిల్లలు చేసి పెట్టుకున్న వంకర వస్తువుల జోలికి పోకూడదు.

5. ఉలులు, రంపాలు, చిత్రికలు, సానరాయి నా పెద్దకొడుక్కి. అయితే అవి షెడ్డు దాటకూడదు. కారణం రాయాలి. ఎందుకమ్మ స్టూలు ఊగుతోందని ఒక ఆదివారం వాడు చక్కగా బిగించాడు. ప్రేమతోనే. మర్నాడు ఆ పిల్ల చూసి, "ఇది నాది కాదు మామయ్యా, నాది ఊగుతుంది" అంటూ కాళ్లన్నీ ఊడదీసింది. "మంచికి పోతే నన్ను వెధవను చేశారు" అని వెళ్లినవాడు మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. ఉలులు మొద్దుబారాయి. నా చేతులు వణుకుతున్నాయి, సాన పట్టలేను. మొద్దు ఉలిని పిల్లలు బలంగా నొక్కుతారు, జారితే చెయ్యి తెగుతుంది. సాన పట్టేవాళ్లు లేకపోతే షెడ్డు మూసెయ్యాల్సిందేనని చిన్నకోడలు అంది. ఆమె అన్నది నిజమే.

6. కాబట్టి పెద్దవాడు వారానికోసారి వచ్చి సాన పట్టాలి. పిల్లలు పిలిస్తేనే వాళ్ల పనిలో చెయ్యి వెయ్యాలి. పిలుస్తారు. "ఆ మామయ్య కాళ్లు అంత గట్టిగా ఎలా బిగించాడు తాతయ్యా?" అని ఎందుకమ్మ మొన్న నన్ను అడిగింది. తెలిసి కూడా చెప్పలేదు. మీ మామయ్యనే అడుగు అన్నాను.

పెద్దోడా, దీని నకలు నీకు పంపుతున్నాను. నేను పోయేదాకా ఆగక్కర్లేదు. వస్తావో రావో తొందరగా కబురు చెయ్యి. ఆ పిల్ల రోజూ గుమ్మం వైపు చూస్తోంది.

తేదీ: జూన్ పదకొండు, బుధవారం

(సంతకం) షెడ్డు తాత

సాక్షులు:
మందుల షాపు కాంపౌండరు
తాళాలు బాగుచేసే పెద్దాయన