ఎవర్నీ అడగను

మే 4, సోమవారం
మా అమ్మాయి సహస్ర పది పాసైంది. ఇంటర్‌లో ఏ గ్రూపో, ఏ కాలేజో తనే తేల్చుకుంటానంది. నెలాఖరు దాకా నేను ఎవర్నీ సలహా అడగకూడదట. మాటిచ్చాను. నా భార్య యాదలక్ష్మి నవ్వింది. ఎందుకు నవ్వాలి? పదహారేళ్ల నుంచి బస్సు కండక్టర్ని. నోరు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో నాకు తెలీదా?

మే 5
ఉ. 6.10. హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, మొదటి ట్రిప్పు. కోచింగ్ పిల్లలు ముప్పై మంది. ఒక్కర్నీ అడగలేదు. సులువే.

మే 7
అడగలేదు, విన్నాను. వినడం తప్పు కాదు. ఒకమ్మాయికి పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా క్లాసులట. టికెట్ కాగితం వెనక రాసుకున్నాను.

మే 9
అడిగాను. ఒక్కణ్నే. వాడే నా వైపు చూశాడు.

మే 12
ఇప్పటికి పదిహేడు మంది.
అబ్దుల్లాపూర్‌మెట్ వైపు హాస్టల్ కాలేజీ: ఐదింటికే లేపుతారు. నెలకోసారి ఇల్లు.
దిల్‌సుఖ్‌నగర్ ప్రైవేటు: ఏడు టు ఏడు. తిండి ఎప్పుడు?
సర్కారు కాలేజీ: పది నుంచి నాలుగు. మిగతా టైమంతా ఫోనేనా?
"పిల్లలకేం ఎర్క? పాఠం చెప్పేటోళ్లను అడుగు" అన్నాడు డ్రైవర్ మట్టయ్య. రోజూ మన్సూరాబాద్ దగ్గర ఎక్కే కోటేశ్వరమ్మ గారు రిటైరైన లెక్కల టీచరు. డాక్టరుకు చెప్పినట్టు ఆవిడకు అన్నీ చెప్పాను.

మే 14
ఉ. 8.30. సహస్ర మా బస్సే ఎక్కింది. సర్కారు కాలేజీకి ఎంతసేపు పడుతుందో చూసుకోవడానికట. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాను. తర్వాత ఎక్కిన కోటేశ్వరమ్మ గారికి గర్వంగా చూపించాను, మా అమ్మాయేనని.
"నువ్వేనా అమ్మా? లెక్కలు చూస్తే ఏడుస్తావటగా" అన్నారావిడ.
వెనక సీట్లో పిల్లలు నవ్వారు. సహస్ర కాలేజీ దాకా రాలేదు. ఎల్బీనగర్‌లోనే దిగిపోయింది.

సా. 6.00. ఇంటికొచ్చి సహస్రకు తప్పయిందన్నాను.
"బస్సంతా అడిగినవ్ డాడీ. నన్నొక్కదాన్నే అడగలే."
అప్పుడు అడిగాను. లెక్కలుండని సీఈసీ గ్రూపు తీసుకుంటుందట. లాయర్ కావాలట. ఎనిమిదో తరగతి నుంచీ అదే అనుకుంటోందట. రెండు గదుల ఇంట్లో ఉంటాం. నాకు తెలీదు.

మే 15
సర్కారు కాలేజీ, సీఈసీ. దరఖాస్తు మీద సంతకం పెట్టాను. తన సంగతి బస్సులో ఎత్తనని మళ్లీ మాటిచ్చాను. ఈసారి యాదలక్ష్మి నవ్వను కూడా లేదు.

మ. 12.40. హయత్‌నగర్‌లో ఒకాయన ఎక్కాడు. మెడలో లాయర్ల తెల్ల పట్టీ. ఎల్బీనగర్ కోర్టుకట. టికెట్టిచ్చాను. చిల్లరిచ్చాను. వెనక్కి వెళ్లాను.
12.52. మళ్లీ ఆయన పక్కనే ఉన్నాను.
12.55. ఇంటర్ తర్వాత ఐదేళ్లట.

రేపటి నుంచి ఎవర్నీ అడగను.