కాటా చెప్పిన కిలోన్నర

బాపట్ల, మార్చి 1989, శనివారం

ఇవాళ రేపల్లెలో మా పాత డ్రిల్లు మాస్టారి మీద కసి తీరింది. ఆయన టీము పిల్ల సుజాతను మూడువేల మీటర్ల పరుగులో ఓడించాను. కానీ కసి తీరింది అందుకు కాదు.

పరిగెత్తేటప్పుడు నీళ్లు తాగితే డొక్కలో పోటు వస్తుందని ఆయన మమ్మల్ని గుక్కెడు కూడా తాగనిచ్చేవాడు కాదు. పోయినేడాది తెనాలిలో ఎండకు నేను పడిపోతే, "దీనికి సత్తువ లేదు, రేపట్నుంచి టీములో ఉండదు" అన్నాడు అందరి ముందూ.

ఆ మాట మింగలేకపోయాను. సూర్యలంక రోడ్డు మీద ఒంటరిగా పరుగు మొదలుపెట్టాను. నాన్న పనిచేసే రైస్‌మిల్లులో, బస్తాలు తూచే కాటా మీద వెళ్లేముందూ వచ్చాకా నిలబడేదాన్ని. ఎండలో పరిగెత్తిన రోజు కిలోన్నర తగ్గేది, కడుపారా నీళ్లు తాగితే మళ్లీ వచ్చేది. పోతున్నది సత్తువ కాదు, ఒంట్లో నీళ్లు. అప్పట్నుంచి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు దగ్గరుంచుకుంటున్నాను.

ఇవాళ గీత దాటగానే సుజాత కూలబడింది. నిజం రాసుకోవాలి, ముందు నాకు సంతోషమే వేసింది. తర్వాత దాని ఎండిపోయిన పెదాలు చూసి నా సీసా ఇచ్చాను.

"తాగొద్దే!" అని మాస్టారు అరిచాడు.

సుజాత ఆయన్నే చూస్తూ సీసా మొత్తం తాగేసింది. "అక్కా, రేపట్నుంచి నేనూ నీతో రానా?" అంది.

ఆయనకు వినపడేలా గట్టిగా చెప్పాను: "రా. ముందు మిల్లులో కాటా ఎక్కుదువుగాని. మీ మాస్టారిని కూడా రమ్మను, ముల్లు ఆయనే చూసుకుంటారు."