చేతి ఊపిరి

1993 జూలై 19

నిన్న కర్నూలుకు పంపిన పేషంటు అలంపూర్ చౌరస్తా దాటకుండానే పోయాడు. జీపు డ్రైవర్ బుచ్చన్న పొద్దున్నే వచ్చి ఆ మాట చెప్పి, వెనక సీటు కడగడానికి బకెట్ అడిగాడు.

పురుగుల మందు కేసు. కడుపు కడిగాం. అట్రోపిన్ ఇచ్చాం. విషం దిగింది. నాతో మాట్లాడాడు కూడా, పెసరట్టు తినాలని ఉందన్నాడు. మర్నాడు దిండు మీంచి తల ఎత్తలేకపోయాడు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. ముందు మెడ పోతుంది, తర్వాత ఊపిరి. తెలివి మాత్రం పోదు. కొన్నాళ్ళు ఎవరైనా ఆ ఊపిరి పోస్తూ ఉంటే కండరాలు తిరిగి లేస్తాయి. మనిషి నడిచి ఇంటికి పోతాడు. దానికి వెంటిలేటర్ కావాలి. మా ట్రస్టు దవాఖానలో లేదు.

పత్తికి మందు కొట్టడం ఇప్పుడే మొదలైంది. ఇంకా ఎంతమంది వస్తారో.

జూలై 20

సూపరింటెండెంట్ గోవర్ధన్ సార్‌ని వెంటిలేటర్ కోసం మళ్ళీ అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. ట్రస్టు కమిటీవాళ్ళు ఉత్త మాటలు వినరమ్మా, డేటా కావాలంటారు, ఒక స్టడీ చెయ్యి, కాగితం మీద చూపిస్తే కాదనలేరు అన్నారు.

చేస్తాను.

ఆగస్టు 6

బాలకిష్టయ్య, ఖిల్లా ఘణపూర్ దగ్గరి రైతు. పొలం గట్టు కాడ తమ్ముడితో కొట్లాడి మందు తాగాడు. నిన్న సాయంత్రం మెడ పోయింది. ఇవాళ పొద్దున శ్వాస అందక పెదాలు నీలమయ్యాయి. జీపులో పంపడానికి మనసు ఒప్పలేదు. గొంతులోకి ట్యూబ్ వేసి, అంబూ బ్యాగు తగిలించి నొక్కడం మొదలుపెట్టాను. రబ్బరు బుడ్డి లాంటిది. నొక్కితే గాలి లోపలికి పోతుంది, వదిలితే బయటికొస్తుంది. నొక్కినంతసేపే మనిషి.

నేనూ సిస్టర్ తిరుపతమ్మా మార్చి మార్చి నొక్కాం. కాసేపటికి ఓపీలో జనం గోల. ఇక చాతకాక వరండాలో కూర్చున్న వాళ్ళ మనుషుల్ని లోపలికి పిలిచాను. భార్య, అక్క, తమ్ముడు. కొట్లాడిన తమ్ముడే. చేతులు కడిగించి నేర్పాను. మా నాన్న గద్వాలలో చీరలు నేసేవాడు. నేర్పుతుంటే ఆ మగ్గం చప్పుడే నోటికొచ్చింది. నొక్కు, వదులు, ఆగు. నొక్కు, వదులు, ఆగు.

తమ్ముడు బ్యాగు పట్టుకోనన్నాడు. అన్న కళ్ళు తెరిచి తన వైపే చూస్తున్నాడట, ఆ చూపు ముందు నిలబడలేడట. వదిన తిట్టింది. పట్టుకున్నాడు.

ఆగస్టు 9

ఇంకా నొక్కుతున్నారు. ఊళ్ళోంచి వంతులు వేసుకుని బస్సులో వస్తున్నారు. ఆయా పెంటమ్మ వాళ్ళందరికీ చాయ్ తెచ్చిపెడుతోంది.

ఆగస్టు 15

బయట జెండా ఎగరేస్తున్నారు. లోపల బాలకిష్టయ్య తల ఎత్తాడు.

ఆగస్టు 18

ట్యూబ్ తీశాను. గొంతు బొంగురుపోయింది. మొదటి మాట తమ్ముడితో అన్నాడు.

"జర మెల్లగ నొక్కొద్దారా, పక్కలన్ని ఇరిగినయి."

తమ్ముడు నవ్వబోయి, నవ్వలేక, బయటికి వెళ్ళిపోయాడు.

నా స్టడీకి పేరు పెట్టాను. ఇంగ్లీషులో పెద్ద పేరు. అర్థం ఇంతే: మెషిన్ లేని చోట ఇంటివాళ్ళే ఊపిరి పోస్తే ఎంతమంది బతుకుతారు. చేతులతోనే కొంతమందిని నిలపగలిగితే మెషిన్‌తో ఎంతమంది బతుకుతారో కమిటీ తనే ఊహించుకుంటుంది. అన్నం తింటూ కూడా అదే ఆలోచన. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

సెప్టెంబర్ 12

ఇద్దరు పేషంట్లు. ఒకటే బ్యాగు. ఇవాళ రాయలేను.

సెప్టెంబర్ 14

పెద్దవాడికి బ్యాగు ఇవ్వలేకపోయాను. చిన్నపిల్లకి ఇచ్చాను. పదహారేళ్ళ పిల్ల. ఆయన మంచం పక్కనే నిలబడి ఊపిరి ఆగేదాకా చూశాను. అలా ఎందుకు నిలబడ్డానో తెలియదు. ఎవరో ఒకరు నిలబడాలి అనిపించింది. ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. తెలివి పోదని పైన రాశాను కదా.

రెండు రోజులకే ఆ పిల్లకి ఇన్ఫెక్షన్ పట్టింది, పోయేట్టుంది. జ్వరం దిగడం లేదు.

సెప్టెంబర్ 17

పోయింది.

అక్టోబర్ 3

గోవర్ధన్ సార్ స్టడీ ఎంతవరకు వచ్చిందని అడిగారు. పేషంట్లలో సగానికి పైగా బతికారు. జీపులో పంపిన రోజుల్లో ఒక్కరూ దక్కేవారు కాదు. ఆయన చాలా సంతోషపడ్డారు. డిసెంబర్‌లో హైదరాబాదులో కాన్ఫరెన్స్ ఉందట, పంపించమన్నారు. కమిటీ చెవిన కూడా వేశారట.

అక్టోబర్ 11

లాల్ అహ్మద్, పెబ్బేరు. సంతలో ఎద్దుల బేరాలు కుదురుస్తాడు. ఎద్దులకు పిడుదులు పోవడానికి పూసే మందుని సోడా సీసాలో పోసి పెట్టుకున్నాడు. ఎండకి తిరిగొచ్చి ఆ సీసానే ఎత్తి తాగాడు. వెంట వచ్చింది తల్లి హలీమాబీ. పోలీసు వాంగ్మూలం రాసుకునే మనిషి నమ్మలేదు, ఇంట్లో ఏం గొడవైందని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె ఒకటే మాట అంది.

"నా కొడుకు సావాలని తాగలే. దూపై తాగిండు."

దాహానికే తాగాడని నేను నమ్మాను. అతని కోడలు, కాదు, ఆమె కోడలు జైనబ్‌కి నెలలు నిండాయి. అలిసిపోయాను, రాయడం తప్పుతోంది.

అక్టోబర్ 13

మెడ పోయింది. నిన్న పొద్దున్నే ట్యూబ్ వేశాను.

బాలకిష్టయ్యకు ఊరంతా కదిలొచ్చింది. వీళ్ళకు మనుషులు లేరు. మేనమామ ఖాజా మియా వచ్చి ఒక రోజంతా కూర్చుని నొక్కాడు. సంతకు పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పి, కళ్ళు తుడుచుకుని పోయాడు. జైనబ్ వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి, కడుపు అడ్డం. అయినా మంచం మీదికి వంగి నొక్కింది. నేనే బలవంతంగా పంపేశాను, ఇక్కడే నొప్పులొస్తే ఇంకో ప్రాణం ఎవరు చూస్తారని. హలీమాబీ ఒక్కతే మిగిలింది. పెంటమ్మ, తిరుపతమ్మ, నేను, వీలున్నప్పుడల్లా పట్టుకుంటున్నాం. ఆమె ఒక గంట నేల మీద ఒరిగి మళ్ళీ లేస్తోంది.

అతను కళ్ళతో మాట్లాడుతున్నాడు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఈ పద్ధతి తల్లే పెట్టింది. పొద్దున ఆమె అతన్ని పేరు ఏం పెడదామని అడుగుతోంది. పుట్టబోయే బిడ్డకి. ఒక్కో పేరూ చెప్పి కళ్ళ వంక చూస్తోంది. చేతులు మాత్రం ఆగడం లేదు. రెండుసార్లు మూస్తున్నాడు. ఏ పేరూ నచ్చడం లేదు.

అక్టోబర్ 16

కుడి చేతి బొటనవేలు కదిలించాడు. హలీమాబీ నన్ను కేకేసి పిలిచింది. మెడ కూడా రేపోమాపో లేస్తుందని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ నిజంగానే అనుకున్నాను.

అక్టోబర్ 17, సాయంత్రం

పల్లికాయ పీకడానికి పోతున్న కూలీల ట్రాక్టర్ బోల్తాపడింది. మధ్యాహ్నం భోజనాల వేళకి తెచ్చారు. ఆడవాళ్ళే అందరూ. క్యాజువాలిటీ నేల మీద కూడా చోటు లేదు. పెంటమ్మని, తిరుపతమ్మని అందరినీ అక్కడికి లాక్కున్నాను. పోయే ముందు హలీమాబీ దగ్గరికి వెళ్ళి, నేను వచ్చేదాకా చెయ్యి ఆపొద్దు అని చెప్పాను. ఆపనంది.

కుట్లు వేశాను. కట్లు కట్టాను. ఒకామెకు కాలు నిలబెట్టలేకపోయాను. ఎంతసేపైందో తెలియదు. ఎండ వాలింది.

లోపలికి వెళ్ళేసరికి ఆమె నొక్కుతోంది. నొక్కు, వదులు, ఆగు. లయ ఇసుమంతైనా తప్పలేదు. అతని ఛాతీ కదలడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు.

ట్యూబ్ తీసి చూశాను. కఫం గట్టిపడి మూసుకుపోయింది. పూటకు నాలుగైదు సార్లు సక్షన్ పెట్టి తీస్తాం. ఇవాళ తీసేవాళ్ళెవరూ లేరు.

ఇక చాలు, ఆపమని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. చేతుల మీద చేతులు వేసి ఆపాను. వేళ్ళు బ్యాగు మీంచి ఒక్కొక్కటే తియ్యాల్సి వచ్చింది.

"నేను ఆపలే డాక్టరమ్మా. ఒక్కపారి గూడ ఆపలే."

అవునన్నాను. నీ చేతిలో తప్పు లేదు, పైపు మూసుకుపోయింది, గాలి లోపలికి పోలేదు అని చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆ పైపునే చూసింది.

"బుడ్డి గట్టిగైంది. నా చేతులల్ల సత్తువ అయిపోయిందేమో అనుకున్న. ఇంక గట్టిగ నొక్కిన."

నేను బ్యాగు అందుకుని పక్కన పెట్టాను.

"గట్టిగైతె పిలువుమని నువ్వు చెప్పలే గద. నొక్కుమనే చెప్పినవ్."

కోపంగా అనలేదు. అడుగుతున్నట్టు కూడా కాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అది నిజం. నేను నేర్పింది మూడే మాటలు.

అక్టోబర్ 18

పోస్టుమార్టం అయింది. ఖాజా మియా వచ్చి తీసుకెళ్ళాడు. హలీమాబీ బండి ఎక్కేటప్పుడు చూశాను. ఎక్కడానికి కడ్డీ పట్టుకోలేకపోయింది. పెంటమ్మ నడుం పట్టి ఎక్కించింది.

అక్టోబర్ 26

తిరుపతమ్మ నాతో కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఆ రోజు ట్రాక్టర్ వాళ్ళని చూడకపోతే ఇంకా నలుగురు పోయేవారని, నాకు నాలుగు చేతులు లేవని అంది. అన్నీ నిజాలే. ఒక్కటీ లోపలికి పోవడం లేదు.

నవంబర్ 9

జైనబ్‌కి కూతురు పుట్టిందట. ఖాజా మియా సంతకొచ్చిన వాళ్ళతో కబురు పంపాడు. హలీమాబీ పిల్లని ఎత్తుకోవడం లేదట. చేతులు పనిచెయ్యడం లేదంటుందట. చూద్దాం తీసుకురమ్మన్నాను. రాదట.

నవంబర్ 20

రిపోర్టు పూర్తి చేశాను. లాల్ అహ్మద్ సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ట్యూబ్ మూసుకుపోయినప్పుడు మెషిన్ అయితే అలారం కొట్టేది, తల్లి కొట్టలేదు, ఎందుకంటే ఆమెకు తెలియదు, ఆమెకు తెలియాల్సిన అవసరం ఉండకూడదు అని రాశాను. గోవర్ధన్ సార్ ఆ వాక్యాలు కొట్టేసి 'ట్యూబ్ బ్లాక్' అని రెండు మాటలు పెట్టారు. మిగతాది సెంటిమెంట్ అట, కమిటీవాళ్ళకి నంబర్లు చాలట.

డిసెంబర్ 5

హైదరాబాదు. పెద్ద హాలు, ఏసీ. నాకు పది నిమిషాలు ఇచ్చారు. స్లైడ్లు బాగా వచ్చాయన్నారు. కొట్టేసిన వాక్యాలు నోటితో చెప్పాను. తెలుగులో వచ్చేశాయి. తర్వాత ఒక పెద్దాయన లేచి, ఇంత తక్కువ సదుపాయాలతో ఇంత సర్వైవల్ అద్భుతం, ఇది అన్ని చిన్న ఊళ్ళకీ మోడల్ అన్నాడు. చప్పట్లు కొట్టారు.

మోడల్ అట.

బస్సులో తిరిగొస్తూ ఒకటే అనుకున్నాను. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. చప్పట్లు మనస్ఫూర్తిగానే కొట్టారు.

డిసెంబర్ 18

కమిటీ మీటింగ్ అయింది. నన్ను లోపలికి పిలవలేదు. తర్వాత గోవర్ధన్ సార్ తన గదికి పిలిచి కూర్చోమన్నారు. ఆయన ముఖం చూడగానే తెలిసింది.

కమిటీ నా పనిని మెచ్చుకుందట. తీర్మానంలో నా పేరు కూడా రాసుకున్నారట. ఇంటివాళ్ళ చేతుల మీద ఇంత బాగా నడుస్తున్నప్పుడు వెంటిలేటర్ అత్యవసరం కాదని తేల్చారట. దానికి బదులు ఇంకో రెండు అంబూ బ్యాగులు తెప్పిస్తారట. పేషంటు వెంట వచ్చేవాళ్ళకి సక్షన్ కూడా నేర్పితే లాల్ అహ్మద్ లాంటి కేసులు జరగవని ఒకాయన సలహా ఇచ్చాడట.

మెషిన్ కోసమే ఆ లెక్కలన్నీ రాశానని చెప్పాను. తెలుసమ్మా అన్నారు. ఆయన చేతులు బల్ల కింద పెట్టుకున్నారు. నేను రాజీనామా చేస్తానన్నాను. చేస్తే ఈ క్యాజువాలిటీలో ఎవరుంటారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే కోపమొచ్చేది, కోపంలో చేసేదాన్ని.

డిసెంబర్ 19

రాజీనామా చెయ్యలేదు. క్యాజువాలిటీకి వెళ్ళాను. పాము కాటు, పురుడు, మళ్ళీ పురుగుల మందు.

1994 జనవరి 8

బ్యాగులు వచ్చాయి. కొత్తవి, ఆకుపచ్చవి. పెంటమ్మ వాటిని కడిగి ఆరబెట్టింది.

జనవరి 21

మిరప చేను దగ్గర్నుంచి మందు తాగిన మనిషిని తెచ్చారు. తెచ్చినవాళ్ళు దించి వెళ్ళిపోయారు. వెంట భార్య ఒక్కతే. పేరు కిష్టమ్మ. ఇంకెవరైనా వస్తారా అంటే తల అడ్డంగా ఊపింది. అతనికి ట్యూబ్ వేశాను.

నేర్పాను. నొక్కు, వదులు, ఆగు. బుడ్డి గట్టిపడితే నొక్కొద్దు, వెంటనే కేకెయ్యి అని కూడా చెప్పాను.

"కేకేస్తె ఎవరొస్తరు?" అని అడిగింది.