మొయినాబాద్‌లో జారిన చెప్పు

చేవెళ్ల

తమ్ముడు ఆనంద్‌కుమార్‌కు అక్క అరుణమ్మ దీవెనలు.

నేను పడిపోయానని నీకెవరో చెప్పారట. పడలేదు. కీమో అయిపోయినా అరికాళ్లకు, వేళ్లకు మొద్దుదనం పోలేదు, అంతే. రాస్తే వేళ్లకు మంచిదన్నారని ఈ కార్డు రాస్తున్నాను. అక్షరాలు వంకరైతే ఏమనుకోకు.

సోమవారం మొయినాబాద్ బజారులో నడుస్తుంటే కూరగాయలమ్మే ఆమె వెనక నుంచి పిలిచింది. "అవ్వా, నీ చెప్పు ఈడ్నే ఇడిసిపోయినవు" అన్నది. చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. మీ బావ భయపడి "ఇగ నడకొద్దు, ఇంట్ల కూసో" అన్నాడు. దవాఖానలో వ్యాయామం నేర్పే దీక్షితేమో "కూసుంటే ఇంక మొద్దుబారుతయమ్మా. గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడుండ్రి, రోజు జర నడువుండ్రి" అన్నది. ఎవరి మాట వినాలి?

నిన్న అలా నిలబడితే అరికాలిలో చీమలు పాకినట్టయింది. నయమవుతున్నదో, ముదురుతున్నదో అర్థం కాలేదు. ఫోన్ చేస్తే దీక్షిత కూడా "ఇప్పుడే చెప్పలేమమ్మా, ఆపకుండ చేయుండ్రి" అన్నది. మీ బావ వచ్చి నా పక్కన తనూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాకంటే ముందు ఆయనే తూలాడు.

నన్ను మీ నాగపూర్‌కు తీసుకుపోవడానికి రావద్దు. వెనక పట్టీ ఉన్న చెప్పులు దొరికితే పంపు, ఒక సైజు పెద్దవి. మరదలు విమల మోకాలు ఎలా ఉంది? మేనకోడలు సాయిశ్రీ పరీక్షలు అయ్యాయా?

ఏమీ తేలకపోయినా రేపు మళ్లీ నడుస్తాను, ఈసారి మీ బావ చెయ్యి పట్టుకుని. మీరంతా చల్లగా ఉండండి.